నాలుగు కెమెరాల టూల్ గైడెన్స్ కిట్: బ్రోచర్‌లో ఉన్న 0.02 మి.మీ. బోల్టు దాకా వస్తుందా?

ముందే చెప్పేస్తున్నా, వస్తువు మంచిదే. కెమెరాలతో పార్టుని చూసి, రోబో చేతిలోని టూల్‌ని సరైన చోటికి నడిపించే కిట్ ఇది. మా లైన్ నుంచి దీన్ని పీకేస్తామంటే నేను ఒప్పుకోను. కానీ బ్రోచర్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో 0.02 మి.మీ. కచ్చితత్వం అని వేసుకున్నారు, ఆ అంకె చూసి ఆర్డర్ పెట్టేవాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నా. ఆ అంకె అబద్ధమేమీ కాదు, కాకపోతే అది కెమెరాల అంకె. మనకి కావాల్సింది టూల్ కొన రంధ్రం మీద ఎక్కడ దిగుతుందన్నది. ఈ రెండింటికీ మధ్య బ్రాకెట్లు, లెన్సులు, లైట్లు, కేబుళ్లు, రోబో, చివర్లో బిట్టు (టూల్ కొనకి పెట్టే ముక్క), ఇన్ని ఉన్నాయి, ఒక్కొక్కటీ తన వాటా తను తినేస్తుంది. కంపెనీ పేరు రాయను. ఈ తరహా కిట్లు చాలామందే అమ్ముతున్నారు, నేను చెప్పేదాంట్లో సగానికి పైగా అన్నిటికీ వర్తిస్తుంది.

మా పని ఏంటంటే, అల్యూమినియం కాస్టింగ్ హౌసింగ్ మీద కవరు పెట్టి చుట్టూ ఎం8 (8 మి.మీ. లావు) బోల్టులు బిగించడం. ప్యాలెట్ మీద పార్టు వచ్చి ఆగుతుంది, ఆరు యాక్సిస్‌ల రోబో చేతికి నట్ రన్నర్ (బోల్టులు బిగించే టూల్) తగిలించి ఉంటుంది, బోల్టుని అదే పట్టుకుని దింపుతుంది. కవరులో రంధ్రం 9 మి.మీ., అంటే చుట్టూ అర మి.మీ. సందు. అది దాటితే బోల్టు అంచుకి తగిలి ఒరుగుతుంది, అప్పుడు కూడా మొండిగా తిప్పితే థ్రెడ్ పోతుంది, హౌసింగ్ స్క్రాపులోకి పోతుంది. కాస్టింగ్ అన్నాక ప్రతి ముక్కా ప్యాలెట్ మీద ఒకేలా కూర్చోదు, కొంచెం ఫ్లాష్ (అచ్చు అంచున మిగిలే పల్చటి లోహం) మిగిలినా వాలిపోతుంది. ఫిక్స్చర్ (పార్టుని కదలకుండా పట్టుకునే అమరిక) గట్టిగా చేయించుకోవచ్చు, చేయించుకున్నాం కూడా, కానీ మోడల్ మారిన ప్రతిసారీ కొత్త ఫిక్స్చర్ అంటే దానికి అంతు లేదు.

కిట్‌లో నాలుగు 5 మెగాపిక్సెల్ మోనో (నలుపు తెలుపు) కెమెరాలు, గ్లోబల్ షట్టర్‌వి (ఫొటో మొత్తాన్ని ఒకే క్షణంలో తీసేవి), 12 మి.మీ. లెన్సులు, స్ట్రోబ్ లైట్లు (ఫొటో తీసే క్షణంలో మాత్రం వెలిగేవి), ఒక కంప్యూటరు, రోబోకి పీఎల్‌సీకి (లైనుని నడిపే కంట్రోలర్) కలిపే సాఫ్ట్‌వేరు. కెమెరాలు సెల్ (రోబో పనిచేసే చోటు) పైన నాలుగు మూలల్లో, పార్టుకి సుమారు మీటరు దూరంలో, కిందకి వాలి చూస్తుంటాయి. ఆ దూరంలో ఆ లెన్సుకి దాదాపు 700 మి.మీ. వెడల్పు కనిపిస్తుంది, అంటే ఒక్కో పిక్సెల్ 0.29 మి.మీ. అనుకోండి. మరి 0.02 ఎక్కడి నుంచి వచ్చింది అంటారా, రంధ్రం అంచు మీద వందల పిక్సెల్‌ల లెక్క కలిపి పిక్సెల్‌లో పదో వంతు దాకా సెంటర్‌ని పట్టుకోవచ్చు, దాని మీద నాలుగు కెమెరాల సగటు వస్తుంది. శుభ్రమైన పార్టు, నిలకడైన లైటు ఉంటే సాధ్యమే. ఈ రెండు షరతులూ బ్రోచర్‌లో లేవు, అదే నా బాధ.

రెండు కెమెరాలు చాలవా, నాలుగు ఎందుకు అని మా వాళ్లే అడిగారు. లోతు లెక్క రెండిటితో కూడా వస్తుంది, నిజమే. లోతులో వచ్చే తప్పు దూరం వర్గంతో పాటు పెరుగుతుంది, కెమెరాల మధ్య ఎడం పెరిగేకొద్దీ తగ్గుతుంది. మన లెన్సుతో మీటరు దూరంలో, కెమెరాల మధ్య 300 మి.మీ. ఎడం ఉంటే, పిక్సెల్‌లో పదో వంతు పొరపాటుకి లోతులో దాదాపు 0.1 మి.మీ. పోతుంది. మూలల్లో దూరం దూరంగా బిగిస్తే అది బాగా తగ్గుతుంది. కానీ నాలుగు పెట్టించుకోవడానికి అసలు కారణం వేరే, దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే డెమోలో ఎవరూ ఇది చెప్పరు.

రంధ్రం అంచుకి చాంఫర్ (ఏటవాలుగా చెక్కిన అంచు) ఉంటుంది కదా. దానికి పైన ఒక గుండ్రం, కింద ఒక గుండ్రం. లైటు పడే తీరుని బట్టి ఒక కెమెరా పై అంచుని పట్టుకుంటుంది, ఇంకోటి కింది అంచుని. చాంఫర్ 1 మి.మీ. లోతు ఉంది, కెమెరా నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలు వాలి చూస్తోంది అనుకుంటే, పై అంచుకి బదులు కింది అంచు పట్టుకున్నందుకు సెంటర్ అర మి.మీ.కి పైగానే పక్కకి జరుగుతుంది. మన సందు మొత్తం అయిపోయినట్టే. రెండే కెమెరాలుంటే, ఆ తప్పు రెండు కెమెరాలనీ కలిపే గీత వెంబడే పడినప్పుడు, వాటి చూపు గీతలు ఇంకో ఎత్తులో హాయిగా కలిసిపోతాయి, సాఫ్ట్‌వేరు అన్నీ బాగున్నాయనే అనుకుంటుంది, రోబో తప్పు చోటికి పూర్తి ధైర్యంతో దిగుతుంది. వేరే దిక్కుల నుంచి చూసే మూడోది, నాలుగోది ఉంటే ఆ కలయిక కుదరదు. ఒక కెమెరా మిగతా వాటితో విభేదిస్తుంది, ఆ తేడా అంకె రూపంలో స్క్రీన్ మీద కనపడుతుంది. దాన్నే రీప్రొజెక్షన్ ఎర్రర్ అంటారు. లెక్కగట్టిన బిందువుని మళ్లీ ప్రతి ఫొటో మీద వేసి చూస్తే అసలు చోటుకి ఎన్ని పిక్సెల్‌ల దూరంలో పడిందన్నది అది.

ఈ కిట్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. ప్రతి రంధ్రానికీ, ప్రతి కెమెరాకీ విడివిడిగా ఆ అంకె చూపిస్తుంది, పరిమితి మనమే పెట్టుకోవచ్చు, దాటితే రోబో దిగదు, పీఎల్‌సీకి సిగ్నల్ ఇచ్చి ఆగుతుంది. మా షాపులో పాత రెండు కెమెరాల సిస్టమ్ ఇంకొకటి ఉంది, అది ఏదో ఒక సమాధానం ఎప్పుడూ ఇస్తుంది, నాకు తెలియదు అనడం దానికి తెలియదు. మెషీన్ తెలియదని ఒప్పుకోవడం ఎంత పెద్ద సుఖమో స్క్రాప్ లెక్కలు రాసేవాళ్లకే తెలుస్తుంది.

మరో మంచి పని, రోబో చేయి అడ్డొస్తుంది కదా, నట్ రన్నర్ పెద్దది, దాని కేబుల్ ఇంకా పెద్దది, దిగేటప్పుడు ఒక కెమెరాకో రెండిటికో దారి మూసేస్తుంది. మిగిలిన కెమెరాలతో లెక్క నడుస్తుంది, ఆగదు. కాకపోతే నాలుగు నుంచి మూడుకి మారినప్పుడు లెక్కగట్టిన చోటు కొద్దిగా గెంతుతుంది, అది గ్రాఫులో స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని మెత్తగా చేసే ఆప్షన్ ఉండాల్సింది, లేదు.

ఇప్పుడు అసలు సంగతి, టూల్ కొన. రోబోల గురించి తెలిసినవాళ్లకి తెలిసిందే, అదే చోటికి మళ్లీ మళ్లీ రమ్మంటే 0.05 మి.మీ. లోపు తేడాతో వస్తాయి, కానీ ఇంతవరకూ వెళ్లని చోటు కొలతలిచ్చి అక్కడికి వెళ్లమంటే అంత కచ్చితంగా వెళ్లవు, తేడా చాలాసార్లు ఎన్నో రెట్లు ఉంటుంది. కెమెరా చెప్పే చోటు ప్రతిసారీ కొత్త చోటే. మామూలు పద్ధతిలో కెమెరా నిర్దేశాంకాలకీ రోబో నిర్దేశాంకాలకీ సంబంధం ఒకసారి కొలిచి పెట్టుకుంటారు. హ్యాండ్ ఐ క్యాలిబ్రేషన్ అంటారు, 1989లో త్సాయ్, లెంజ్ ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ అందరి సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది. అయితే ఆ సంబంధం ఎంత బాగా కొలిచినా రోబో సొంత తప్పు అలాగే ఉండిపోతుంది.

ఈ కిట్ ఇక్కడ తెలివైన పని చేసింది. నట్ రన్నర్ ఒంటి మీద గుండ్రటి మార్కర్లు అంటించి, పార్టునీ టూల్‌నీ అవే కెమెరాలతో, అదే ఫొటోలో చూస్తుంది. ముందు దూరం నుంచి పార్టుని కొలిచి రోబోని దగ్గరకి పంపుతుంది, రంధ్రానికి కొంచెం పైన ఆపి మళ్లీ చూస్తుంది, టూల్‌కీ రంధ్రానికీ మధ్య మిగిలిన తేడా మాత్రం రోబోకి చెబుతుంది. కొంచెం జరుపు, మళ్లీ చూడు, అంతే. అప్పుడు రోబో ఎంత తప్పుగా వచ్చిందన్నది పెద్దగా లెక్కలోకి రాదు, ఆఖరి చిన్న కదలిక సరిగ్గా ఉంటే చాలు, చిన్న కదలికల్లో రోబో బాగానే ఉంటుంది. సైకిల్ టైమ్ కొంచెం పెరుగుతుంది, ఒక్కో బోల్టుకి ఆగి చూడాలి కాబట్టి. మొదటి రెండు బోల్టులకి మాత్రం ఆగి చూసి, మిగతా వాటిని ఆ లెక్కతో నడిపే మోడ్ కూడా ఉంది, మేము ఆ మోడ్‌లోనే నడుపుతున్నాం. రెండు బోల్టులు కూర్చున్నాక కవరు కదలదు కాబట్టి మా పనికి అది సరిపోయింది.

మార్కర్లు చూసే కెమెరాకి బిట్టు కొన ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? తెలియదు, మనమే చెప్పాలి. ఒక దిమ్మలో శంకువు ఆకారంలో గుంట ఇచ్చారు, బిట్టు కొనని అందులో పెట్టి టూల్‌ని అటూ ఇటూ వాల్చాలి. కొన కదలదు, మార్కర్లు కదులుతాయి, వాటి కదలిక అంతా ఒక గోళం మీద పడుతుంది, ఆ గోళం సెంటరే కొన. ఆపరేటర్ స్వయంగా చేసుకోగలిగేంత సులువుగా పెట్టారు, స్క్రీన్ మీద బొమ్మలతో చూపిస్తుంది, మెచ్చుకోవాల్సిందే. కానీ బిట్టు మార్చాక ఇది చేయకపోయినా సాఫ్ట్‌వేరు ఏమీ అనదు, పాత లెక్కతోనే నడిపేస్తుంది. బిట్టు మార్చారా లేదా అని షిఫ్టు మొదట్లో ఒక ప్రశ్న అడిగినా చాలు. ఇంత ఖరీదైన వస్తువులో అంత చిన్న విషయం వదిలేశారు.

ఇక బ్రాకెట్ల సంగతి, నా తలనొప్పి అంతా ఇక్కడే. కిట్‌తో పాటు వచ్చిన ఫ్రేము అల్యూమినియం ప్రొఫైల్. చూడ్డానికి అందంగా ఉంటుంది, బిగించడం తేలిక. అల్యూమినియం మీటరుకి, ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి 23 మైక్రాన్లు (0.023 మి.మీ.) పెరుగుతుంది. కెమెరాల మధ్య మీటరున్నర ఉంది, ఉదయానికీ మధ్యాహ్నానికీ షెడ్డులో 10 డిగ్రీలు తేడా వచ్చిందంటే మూడో వంతు మి.మీ.కి పైగా. ఇనుప ఫ్రేమైతే అందులో సగం, కార్బన్ ఫైబర్ అయితే దాదాపు ఏమీ ఉండదు. పొడవు పెరగడం కన్నా మెలి తిరగడం ఇంకా ప్రమాదం, కెమెరా ఒక డిగ్రీలో నూరో వంతు తిరిగినా మీటరు దూరంలో 0.17 మి.మీ. జరిగిపోతుంది. డిగ్రీలో నూరో వంతు అంటే ఎవరో ఫ్రేము మీద మోచెయ్యి ఆనిస్తే చాలు.

ఇది మాకు ఎలా తెలిసిందంటే, మధ్యాహ్నం షిఫ్టులో రీప్రొజెక్షన్ ఎర్రర్ నెమ్మదిగా పైకి పాకేది, రాత్రి షిఫ్టుకి మళ్లీ తగ్గేది. సర్వీసుకి ఫోన్ చేస్తే మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి అన్నారు. చేశాం, ఆ పూటకి బాగుంది, మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఎర్రర్ మళ్లీ ఎక్కువ. ఫ్రేము పెరుగుతోందని వాళ్లు ఒప్పుకోవడానికి మేము ఎర్రర్ గ్రాఫు మీద షెడ్డు టెంపరేచర్ గ్రాఫు వేసి పంపాల్సి వచ్చింది. చివరికి నేలకి బోల్టు చేసిన ఇనుప స్తంభాల మీదకి కెమెరాలని మార్చాం, ప్యాలెట్ స్టేషన్ చుట్టూ ఎప్పటికీ కదలని మార్కర్లు కొన్ని అంటించాం, ప్రతి సైకిల్లో కెమెరాలు వాటిని కూడా చూసి తమ చోటు తామే సరిచూసుకుంటాయి. ఆ ఫీచరు సాఫ్ట్‌వేర్‌లో ముందు నుంచే ఉంది! మాన్యువల్ చివర్లో ఎక్కడో ఒక పేరాలో. దాన్ని డిఫాల్ట్‌గా ఆన్ చేసి పెట్టి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు.

కెమెరాల క్యాలిబ్రేషన్ (లెన్సుల, కెమెరాల చోటు లెక్క కొలిచి పెట్టుకోవడం) విషయానికొస్తే, చదరంగం గళ్ల లాంటి బోర్డుని రకరకాల కోణాల్లో పట్టుకుని ఫొటోలు తీయడమే. ఝెంగ్‌యూ ఝాంగ్ 2000లో ప్రచురించిన పద్ధతి, ఇప్పుడు అందరూ వాడేది. ఈ కిట్ బోర్డు గళ్లలో చిన్న చిన్న కోడ్ గుర్తులు కూడా ఉన్నాయి, అందుకని బోర్డు సగమే కనిపించినా ఏ మూల ఏదో దానికి తెలిసిపోతుంది, నాలుగు కెమెరాలకీ ఒకేసారి బోర్డు మొత్తం కనపడేలా పట్టుకోవాల్సిన గొడవ లేదు. బోర్డు మాత్రం గట్టి ప్లేటు మీద ఉన్నదే వాడండి. ప్రింటు తీసి అట్ట మీద అంటించిన బోర్డుతో చేసి, ఎర్రర్ తక్కువ వచ్చిందని సంతోషపడేవాళ్లని చూశాను. అట్ట వంగితే లెన్సు లెక్క కూడా దాంతో పాటు వంగుతుంది. ఇంకోటి, ఫోకస్, అపర్చర్ రింగుల స్క్రూలు బిగించాకే క్యాలిబ్రేట్ చేయాలి. తర్వాత ఎవరైనా రింగు ముట్టుకుంటే అంతా మొదటికే. వీళ్ల లెన్సుల మీద ఆ స్క్రూలు మరీ చిన్నవి, కంపనానికి వదులవుతున్నాయి, మేము థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) వేసుకున్నాం.

లైట్లు బాగున్నాయి. ఎర్ర ఎల్‌ఈడీ స్ట్రోబ్, లెన్సు ముందు అదే రంగుకి సరిపడే బ్యాండ్‌పాస్ ఫిల్టరు, దాంతో పైకప్పు లైట్ల ప్రభావం దాదాపు పోయింది. కిటికీ ఎండ నేరుగా పార్టు మీద పడితే మాత్రం ఫిల్టరు కూడా చేతులెత్తేస్తుంది, ఎండలో ఎరుపు కూడా ఉంటుంది కదా. మెషీనింగ్ చేసిన అల్యూమినియం తళతళా మెరుస్తుంది, పక్కనే కాస్టింగ్ ఉపరితలం మసకగా ఉంటుంది, ఒకే ఎక్స్‌పోజర్‌లో రెండూ కుదరవు. ఒకే రంధ్రానికి రెండు ఎక్స్‌పోజర్లు తీసే ఆప్షన్ ఇచ్చారు, అది పెట్టుకోండి. కూలెంట్ మరకలు ఉంటే రెండు ఎక్స్‌పోజర్లున్నా లాభం లేదు, పార్టు తుడవాలి లేదా గాలి కొట్టాలి. లెన్సు ముందు గాజు మీద ఆయిల్ పొర పేరుకుంటుంది, దాన్ని తుడవడం చెక్ లిస్టులో రాసుకోండి.

నెట్‌వర్క్ గురించి కొంచెం. 5 మెగాపిక్సెల్ ఫొటో ఒకటి 5 ఎంబీ, నాలుగూ కలిపితే 20. వాళ్లు నాలుగు కెమెరాలనీ ఒక నెట్‌వర్క్ స్విచ్చికి కలిపి, అక్కడి నుంచి ఒకే 1 గిగాబిట్ కేబులు కంప్యూటరుకి ఇచ్చారు. ఆ కేబులు గుండా సెకనుకి ఆచరణలో 115, 120 ఎంబీ కన్నా రాదు, అంటే సెకనుకి ఆరు సెట్లు మించవు, పైగా నాలుగూ ఒకేసారి ఫొటోలు పంపితే ప్యాకెట్లు పోయేవి. నాలుగు పోర్టుల కార్డు పెట్టించాక ఆ గొడవ పోయింది. కొనేటప్పుడే అడగండి. మాది ప్యాలెట్ ఆగే లైను కాబట్టి నాలుగు కెమెరాలూ ఒకే క్షణంలో ఫొటో తీశాయా లేదా అన్నది అంత పట్టింపు లేదు. కదిలే కన్వేయర్ మీద అయితే పట్టింపే, సెకనుకి 100 మి.మీ. నడిచే బెల్టు మీద ఒక మిల్లీసెకను తేడా అంటే 0.1 మి.మీ. హార్డ్‌వేర్ ట్రిగ్గర్ కేబుల్ (కెమెరాలన్నిటికీ ఒకేసారి ఫొటో తీయమని సిగ్నల్ ఇచ్చే తీగ) లాగించుకోండి, సాఫ్ట్‌వేర్ ట్రిగ్గర్ చాలు అనే సేల్స్ మాట వినకండి.

కొత్త అప్‌డేట్‌లో డీప్ లెర్నింగ్ అని ఒకటి చేర్చారు. రంధ్రాలని వెతికి పట్టుకోవడానికి బాగుంది, మోడల్ మారినా, పార్టు తిరగబడి వచ్చినా ఏది ఏ రంధ్రమో చెప్పేస్తుంది, పాత టెంప్లేట్ మ్యాచింగ్ (నమూనా బొమ్మతో పోల్చి వెతకడం) కన్నా నయం. కొలత మాత్రం దానికి అప్పగించకండి. వెతకడం దానితో, అంచు కొలవడం పాత పద్ధతితో, అలా విడగొట్టే సెట్టింగు ఉంది, అదే సరైనది.

సేల్స్ ఆయన మాటల్లో మాటగా, కెమెరాలు మనిషి సెల్‌లోకి రావడాన్ని కూడా చూస్తాయి అన్నారు. చూస్తాయేమో, కానీ ఇవి సేఫ్టీకి సర్టిఫై అయిన పరికరాలు కావు. గార్డు, లైట్ కర్టెన్, డోర్ ఇంటర్‌లాక్ ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి, ఒక్కటి కూడా తీయడానికి లేదు.

లైసెన్స్ డాంగిల్ (కంప్యూటరు పోర్టుకి పెట్టే చిన్న తాళం లాంటిది) మీద ఉంది, డాంగిల్ పోతే లైను ఆగినట్టే. కంప్యూటరు లోపలి పోర్టుకి పెట్టి మూత వేసేశాం. లాగులు సీఎస్‌వీ ఫైలుగా బయటికి తీసుకోవచ్చు, అది మంచి విషయం. టార్క్ (బోల్టుని తిప్పే బలం) రీడింగులతో పక్కపక్కన పెట్టి చూస్తే, ఎర్రర్ పరిమితికి దగ్గరగా వచ్చిన రంధ్రాల్లోనే బోల్టు మొదటి చుట్టుకి టార్క్ ఎక్కువ రావడం కనిపించింది, అప్పుడు పరిమితి ఇంకొంచెం బిగించాం. చేయగల మనిషి ఉంటే ఓపెన్‌సీవీతో (కెమెరా ఫొటోల లెక్కలకి వాడే ఉచిత సాఫ్ట్‌వేరు) సొంతంగా కట్టుకోవచ్చు, క్యాలిబ్రేషన్, హ్యాండ్ ఐ అన్నీ అందులో ఉచితంగా ఉన్నాయి. కానీ రాత్రి రెండింటికి లైను ఆగితే ఆ మనిషికే ఫోన్ వెళ్తుంది, అది ఆలోచించుకోండి.

ఎవరు కొనాలి అంటే, పెద్ద పార్టులు, కాస్టింగులు, వెల్డ్ చేసిన ఫ్రేములు, మోడళ్లు తరచూ మారే లైన్లు ఉన్నవాళ్లు. చిన్న పార్టు, రెండు డోవెల్ పిన్నుల (పార్టు చోటు కుదిర్చే ఇనుప కడ్డీలు) మీద ప్రతిసారీ ఒకేలా కూర్చుంటుంది అంటే వద్దు, ఆ పిన్నులకి కరెంటు అక్కర్లేదు, క్యాలిబ్రేషన్ అక్కర్లేదు. మా బోల్టుల దగ్గర, అన్నీ సరిచేసుకున్నాక, టూల్ కొన రంధ్రం సెంటర్ నుంచి 0.15 మి.మీ. లోపు దిగుతోంది, అర మి.మీ. సందుకి అది బ్రహ్మాండం, బ్రోచర్ అంకెకి ఏడు రెట్లు పైనే.

డెమోకి వెళ్తే వాళ్ల పార్టు మీద చూడకండి, అది తుడిచి పెట్టిన పార్టు. మీ లైను నుంచి అప్పుడే తీసిన, ఆయిల్ అంటిన దాన్ని పట్టుకెళ్లండి, బిట్టు మార్చి మళ్లీ చేసి చూపించమనండి, స్క్రీన్ మీద ఒక్కో కెమెరా ఎర్రర్ విడిగా చూపించమనండి. చూపించలేమంటే ఇంకో కంపెనీ వాళ్లని పిలవండి.